ఓటు లేని పిల్లలకు ఓటు పాఠము

ఎన్నికలు వచ్చిన సంగతి పల్లెలో అందరికంటె ముందు తెలిసేది పిల్లలకే. మైకు కట్టిన ఆటో ఊరి మొదట కనబడగానే దాని వెనుక పరుగెత్తేది వారే. గాలికి ఎగిరివచ్చిన కరపత్రములను ఏరుకొని పుస్తకములకు అట్టలు వేసికొనేది వారే. కాగితపు జెండాలు, టోపీలు, కండువాలు పోగుచేసి ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నవో లెక్క చూచుకొనేదీ వారే. ఏ పార్టీకి ఏ గుర్తో రెండవ తరగతి పిల్లవానిని అడిగినా తడుముకోకుండా చెప్పగలడు. అదే పిల్లవానిని, "ఓటు ఎందుకు వేస్తారురా?" అని అడిగి చూడండి. "డబ్బులిస్తారు గదా, అందుకు" అన్న జవాబు మేము తిరిగే పల్లెలలో ఒకటికి రెండుసార్లు విన్నాము.

విని నవ్వి ఊరకుండవచ్చును. కాని ఆ బిడ్డ అబద్ధము చెప్పలేదు. తాను కన్నులార చూచినదే చెప్పినాడు. రాత్రి తొమ్మిది గంటలవేళ ఇంటి తలుపు తట్టినది ఎవరో, కవరు ఎవరి చేతిలోనుండి ఎవరి చేతిలోకి వచ్చినదో, నాన్న ఎన్ని ఓట్లని చెప్పినాడో, మంచము మీద నిద్రపోతున్నట్లు పడుకొన్న ఆ బిడ్డకు అంతా తెలుసు. అక్షరములు దిద్దకముందే వాడు నేర్చుకొన్న ఎన్నికల పాఠము అది. తలిదండ్రులారా, మన పిల్లలకు ఎన్నికలనుగూర్చి మనము నేర్పినా నేర్పకపోయినా వారు నేర్చుకొంటూనే ఉన్నారు. గనుక మంచి పాఠమును మనమే ముందుగా చెప్పుట మేలు.

ఏ వయస్సుకు ఎంత?

"అయిదవ తరగతి లోపు పిల్లలకు రాజకీయాలెందుకండీ?" అని కొందరు తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పార్టీల తగవులు, నాయకుల మీది నిందలు, కులముల లెక్కలు పసివారి చెవిని వేయనక్కరలేదు. అయితే న్యాయమంటే ఏమిటో పసివారికి పెద్దలకంటె బాగా తెలుసు. బెల్లపు ముక్కను ఇద్దరికి పంచేటప్పుడు ఒకరికి రవంత ఎక్కువ పడితే ఆరేండ్ల పిల్ల ఊరుకుంటుందా? ఎన్నికల పాఠమునకు అదే పునాది.

ఆరేడు ఏండ్ల పిల్లలకు మూడు సంగతులు చాలు: అందరికీ సంబంధించిన పనిని అందరూ కలిసి నిర్ణయించవలెను, ఒక్కొక్కరికి ఒక్క మాటే, ఎక్కువమంది కోరినది జరిగినను తక్కువమందిని చిన్నచూపు చూడరాదు. తొమ్మిది, పది ఏండ్లవారికి మరికొంత చెప్పవచ్చును: సర్పంచి ఎవరు, ఎమ్మెల్యే ఎవరు, ఎంపీ ఎవరు, ఎవరి పని ఏది, డబ్బు ఎక్కడనుండి వస్తుంది, మాట ఇచ్చినవారిని ఎలా అడగవలెను. ఇంతకు మించి ఆ వయస్సులో అవసరము లేదు.

అందరికీ ఒక్కటే

పిల్లలకు కథ కావలెను. మన దేశపు మొదటి ఎన్నికలే మంచి కథ. 1951 అక్టోబరు మొదలు 1952 ఆరంభము వరకు ఆ ఎన్నికలు జరిగినవి. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు. 1951 జనాభా లెక్కల ప్రకారము చదువు వచ్చినవారు నూటికి 18 మంది మాత్రమే. పేరు చదువలేని మనిషి తనకు నచ్చినవారిని ఎలా ఎన్నుకొంటాడు? ఈ చిక్కును మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్, ఆయనతో పనిచేసినవారు గుర్తులతో విడదీసినారు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద అతని గుర్తు. ఓటరు తనకు నచ్చిన పెట్టెలో కాగితము వేసి రావలెను. ఈనాడు మన పిల్లలు నోటికి అప్పగించే గుర్తులు చదువురాని తాతముత్తాతల నిమిత్తము పుట్టినవని చెప్పినప్పుడు వారి కన్నులు పెద్దవవుతాయి.

అదే కథలో ఇంకొక సంగతి ఉన్నది. ఆడపిల్లలకు తప్పక చెప్పవలెను. ఓటర్ల జాబితా వ్రాయవచ్చిన వారికి ఉత్తరాది రాష్ట్రములలో అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానా వాని భార్యను", "ఫలానా వాని తల్లిని" అని మాత్రమే చెప్పినారు. సొంత పేరు లేనిదే జాబితాలో ఉంచుట కుదరదని దాదాపు 28 లక్షలమంది స్త్రీలను తీసివేయవలసి వచ్చినది. ఓటు ఉండీ పేరు చెప్పలేక పోగొట్టుకొన్నారు! ఈ సంగతి చెప్పి, "నీ పేరు పూర్తిగా వ్రాయి, ఇంటి పేరుతో సహా" అని మన అమ్మాయి చేతికి పలక ఇవ్వండి. అది కూడ ఎన్నికల పాఠమే.

మొదట 21 ఏండ్లు నిండినవారికే ఓటు ఉండేది. 61వ రాజ్యాంగ సవరణచేత 1989 నుండి 18 ఏండ్లకే వచ్చినది. ఎనిమిదేండ్ల బాబుతో, "ఇంక పదేండ్లలో నీకూ ఓటు వస్తుంది" అని చెప్పి చూడండి. వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టుకొంటాడు.

ఒక్క ఓటుకు విలువ ఏమిటని అడిగితే దూరము పోనక్కరలేదు. 1989లో మన అనకాపల్లి లోక్‌సభ స్థానములో కొణతాల రామకృష్ణగారు గెలిచినది తొమ్మిది ఓట్ల తేడాతో. లక్షల ఓట్లు పోలైన చోట తొమ్మిది! ఒక ఇంటివారంతా ఆ దినమున కూలికి పోయి ఉంటే ఫలితము మారిపోయేదేమో. అట్లే 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ ప్రదేశ్ కొండలలోని మలోగామ్ అనే చోట ఒకే ఒక్క స్త్రీ ఓటు కొరకు పోలింగు సిబ్బంది యంత్రము మోసికొని కొండదారులు నడిచి వెళ్ళినారు. ఆ దేశమే మన దేశము. అందులో మన పేటలోని మనిషి ఓటు, మేడలోని మనిషి ఓటు ఒకే బరువు తూగుతాయి. కూలి దగ్గర తేడా ఉన్నది, కూర్చునే చోట తేడా చూచినాము, ఓటు దగ్గర తేడా లేదు. దీనిని మన పిల్లలు తల ఎత్తి తెలిసికొనవలెను.

తెర వెనుక

పోలింగు బూత్‌లోనికి చంకబిడ్డను తప్ప పిల్లలను రానివ్వరు. గనుక లోపల ఏమి జరుగుతుందో ఇంటికి వచ్చి చెప్పవలసినది మనమే. మొదట జాబితాలో పేరు చూస్తారు. ఎడమచేతి చూపుడువ్రేలికి చెరగని సిరా పెడతారు. ఈ సిరా 1962 ఎన్నికలనుండి మైసూరులోని ప్రభుత్వ రంగుల కర్మాగారములో తయారవుతున్నది. అందులో సిల్వర్ నైట్రేట్ కలిసి ఉంటుంది. వెలుతురు తగిలితే అది చర్మము మీద నల్లబడి కొన్ని దినముల వరకు ఎంత కడిగినా పోదు. ఎందుకు? ఒక మనిషి రెండుసార్లు వేయకుండుటకు. తరువాత అట్ట మరుగున యంత్రము. నచ్చిన గుర్తు ప్రక్కన మీట నొక్కితే కూత వినబడుతుంది. ప్రక్కనున్న పెట్టెలో అద్దము వెనుక ఒక చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది. మనము నొక్కినది, చీటీలో వచ్చినది ఒకటేనా అని చూచుకొనుటకు ఆ ఏడు సెకన్లు. ఈ ఓటింగు యంత్రములు చేసే రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.

"అట్ట ఎందుకు అడ్డము పెడతారు?" అని పిల్లలు అడుగుతారు. ఇదే అన్నిటికంటె మంచి ప్రశ్న. "నీవు ఎవరికి వేసినావో కామందుకు తెలియరాదు, అప్పిచ్చిన వానికి తెలియరాదు, మేస్త్రీకి తెలియరాదు. తెలియనంత కాలము నిన్ను ఎవరూ బెదిరించలేరు" అని చెప్పండి. "నాన్నా, నువ్వు ఎవరికి వేశావు?" అని బిడ్డ అడిగినప్పుడు, "అది రహస్యము నాయనా. అమ్మకు కూడ చెప్పలేదు, అమ్మా నాకు చెప్పలేదు" అని నవ్వుతూ చెప్పగలిగిన తండ్రి ఆ ఒక్క మాటతో రెండు సంగతులు నేర్పినాడు. ఓటు రహస్యమని ఒకటి; భార్య ఓటు భార్యదేనని రెండవది.

కవరు వచ్చిన రాత్రి

ఇక కష్టమైన సంగతికి వచ్చినాము. ఇల్లిల్లూ తిరిగి డబ్బు పంచుట, సీసాలు పంచుట, చీరెలు, ముక్కుపుడకలు పంచుట మన రాష్ట్రములలో ఎవరికీ తెలియని సంగతి కాదు. "అందరూ తీసికొంటున్నారు, మేము కాదంటే ఎదుటి పార్టీ వాళ్ళమని ముద్ర వేస్తారు" అని చెప్పే బీద కుటుంబములను మేము ఎరుగుదుము. వారి భయము నిజమైనదే. దినమంతా ఎండలో మిరపకాయలు కోసి వచ్చిన తల్లికి వెయ్యి రూపాయలు చిన్న సొమ్ము కాదు. ఆమెను నిందించుటకు మేము ఈ మాటలు వ్రాయుట లేదు. ఆమె ప్రక్కన నిలిచి చూస్తున్న బిడ్డ కొరకు వ్రాస్తున్నాము.

చట్టము ఏమి చెప్పుచున్నదో మొదట తెలిసికొందము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము, ఓటు కొరకు డబ్బు ఇచ్చినవారు, పుచ్చుకొన్నవారు ఇరువురూ నేరస్థులే. సంవత్సరము వరకు జైలు గాని జరిమానా గాని రెండూ గాని పడవచ్చును. అంతకు ముందున్న పాత శిక్షాస్మృతిలోను ఇదే ఉండేది.

ఈ పంపకములో డబ్బుకంటె లోతైన గాయము ఒకటి ఉన్నది. అది ప్రమాణము. కవరు ఇచ్చి, దేవుని పేరున ఒట్టు వేయించుకొనే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉన్నది. పసుపు నీళ్ళ మీద ఒకరు, కర్పూరము మీద ఒకరు, పరిశుద్ధ గ్రంథము మీద ఒకరు. తప్పు పనికి దేవుని సాక్షిగా పిలుచుట! దానిని చూచిన బిడ్డ మనస్సులో డబ్బు, దేవుడు, భయము మూడూ కలగలిసిపోతాయి. "డబ్బు తీసుకొని వెయ్యకపోతే పాపము కాదా?" అని ఒక నాలుగవ తరగతి పాప అడిగితే ఏమి చెప్పుదుము? ఇట్లు చెప్పవచ్చును: "ఓటు అమ్మకపు వస్తువు కాదమ్మా. అమ్మరాని దానిని కొన్నవానికి దానిమీద హక్కు రాదు. మొదటి తప్పు తీసికొనుటలో ఉన్నది. దానిని సరిచేయుటకు రెండవ తప్పు చేయరాదు. ఓటు మాత్రము మనస్సాక్షి చెప్పినట్లే వేయవలెను."

లెక్క కూడ చెప్పండి. పిల్లలు లెక్కను త్వరగా పట్టుకొంటారు. ఓటుకు 1000 రూపాయలు అనుకొందము. పదవీకాలము అయిదు సంవత్సరములు, అనగా ఇంచుమించు 1825 దినములు. దినమునకు ఎంత పడినది? యాభై అయిదు పైసలు. ఆ పైసలకు మన రోడ్డు, మన నీళ్ళు, మన బడి, మన ఆసుపత్రి అడిగే నోటిని అమ్ముకొన్నట్లే. ఈ లెక్కను పలక మీద బిడ్డచేతనే చేయించండి. ఆ రాత్రి తలుపు తట్టినప్పుడు వాడే మనవంక చూస్తాడు. కాదని చెప్పుటకు ఒక్కొక్కప్పుడు ఆ చూపే మనకు బలము.

కుళాయి దగ్గర మొదలుపెట్టండి

రాజకీయమంటే మైకులో అరుపు అని పిల్లలు అనుకొంటారు. దానిని వారి కాళ్ళ దగ్గరకు తేవలెను. ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని వీధి చివరవరకు నడవండి. నాలుగు సంగతులు వారినే చూచి చెప్పమనండి. కుళాయిలో నీళ్ళు ఎప్పుడు వస్తున్నవి? సైడు కాల్వ తీసి ఎన్నాళ్ళయినది? వీధి దీపము వెలుగుతున్నదా? బడిలో మరుగుదొడ్డికి తలుపు ఉన్నదా?

ఇంటికి వచ్చిన తరువాత, "ఇవి ఎవరి పని?" అని అడగండి. వీధి దీపము, మురుగు కాల్వ, ఊరి మంచినీళ్ళు మొదట పంచాయతీ చూడవలసినవి. చట్టములు చేయుటకు, రాష్ట్రపు సొమ్ము ఎటు ఖర్చు పెట్టవలెనో నిర్ణయించుటకు శాసనసభ. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు. రైళ్ళు, దేశరక్షణ వంటివి ఢిల్లీలోని పార్లమెంటు చూస్తుంది. అక్కడికి మన రెండు రాష్ట్రములనుండి 25 మంది, 17 మంది లోక్‌సభకు వెళ్తారు. డబ్బు ఎక్కడిదని అడిగితే, వాడు కొన్న సబ్బుబిళ్ళలోనూ పన్ను ఉన్నదని చూపండి. ప్రభుత్వము ఇచ్చేది ఎవరి జేబులోనిదో కాదు, అందరి జేబులలోనిది అని అప్పుడు తెలుస్తుంది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన తరువాత పంచాయతీలలో స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు స్థానములు కేటాయించుట రాజ్యాంగపు ఆజ్ఞ అయినది. మన రెండు రాష్ట్రములలో స్త్రీలకు సగము. అయితే సర్పంచి అమ్మ పేరున ఉండి పెత్తనము అయ్యది అయిన ఊళ్ళు లేకపోలేదు. ఆడపిల్లలు ఇది చూస్తున్నారు. "సంతకము పెట్టేవారే ప్రశ్నకు జవాబు చెప్పవలెను" అని వారికి చెప్పండి. గ్రామసభ జరిగే దినమున పిల్లలను తీసికొనిపోయి ప్రక్కన కూర్చోబెట్టండి. తన తల్లి నలుగురిలో లేచి, "మా వీధికి నీళ్ళు రావట్లేదండీ" అని అడుగుట చూచిన బిడ్డకు పౌరశాస్త్రము వేరే చెప్పనక్కరలేదు.

బడిలో కూడ ఒక ఎన్నిక జరుగుతుంది. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ బడులలో యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడువంతులు తలిదండ్రులే, సగము స్త్రీలు. మన పిల్లలు ప్రతి దినము చూచే మధ్యాహ్న భోజనము, గదులు, హాజరు ఆ కమిటీ చూడవలసినవి. కూలి పోతుందని ఆ సమావేశము మానివేసే తలిదండ్రులారా, మీ బిడ్డ కన్నుల ముందు జరిగే ఎన్నిక అది ఒక్కటే సుమా!

ఒక పాఠము ఊరిని కదిపినది

సమస్య ఒకటి ఎన్నికల సంగతిగా ఎలా మారుతుందో పిల్లలకు చెప్పుటకు మన నెల్లూరు జిల్లా దూబగుంట చాలును. 1990 తరువాతి అక్షరాస్యత ఉద్యమములో రాత్రి బడికి వచ్చిన స్త్రీలు వాచకములో త్రాగుడువలన చెడిన ఒక కుటుంబపు పాఠము చదివినారు. అది తమ ఇంటి కథేనని కూర్చుండి మాటలాడుకొన్నారు. దూబగుంట రోశమ్మ మొదలైన స్త్రీలు ఊరిలో సారా అమ్మకుండ అడ్డుపడినారు. 1992లో ఆ మాట ఊరూరా పాకినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధించబడినది. 1994 ఎన్నికలలో మద్యనిషేధము పెద్ద వాగ్దానమైనది. గెలిచిన ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధము పెట్టినది. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని సడలించినది. రాబడి పడిపోయినదని, దొంగసారా ఆగలేదని అప్పుడు చెప్పిన కారణములు.

ఈ కథలో అన్ని మెట్లూ ఉన్నవి. కష్టము, చదువు, కలిసి మాటలాడుట, అడుగుట, వాగ్దానము, చట్టము, తిరిగి మార్పు. కథ ముగిసిన తరువాత పిల్లలను రెండు గుంపులుగా కూర్చోబెట్టి, "నిషేధము ఉండవలెను" అని ఒక గుంపును, "వేరే మార్గము చూడవలెను" అని ఒక గుంపును మాటలాడమనండి. పిమ్మట గుంపులు మార్చి ఎదుటివారి మాటను వీరిచేత చెప్పించండి. ఎదుటివాని మాటను వాని నోటితో చెప్పగలిగిన బిడ్డ రేపు పెద్దవాడై పార్టీ పేరున తల పగులగొట్టుకొనడు.

ఇంటిలో రెండు జెండాలు

పార్టీ పట్టుదలతో అన్నదమ్ములు మాటలాడుకొనని ఊళ్ళు ఉన్నవి. ఒకే బావి నీళ్ళు త్రాగేవారు ఎన్నికల తరువాత పెండ్లి పిలుపులు మానుకొన్నారు. ఒకే ఆరాధనలో కూర్చుండేవారు ఆ ప్రక్క చాపకు మారినారు. పెద్దల పగ పిల్లలకు పలకా బలపమువలె అందుతున్నది. "వాళ్ళు ఆ పార్టీవాళ్ళమ్మా, వాళ్ళ పాపతో ఆడను" అని ఆరేండ్ల పిల్ల అన్నదంటే ఆ మాట ఆమెది కాదు, మనదే. పిల్లల ముందు ఒక నాయకుని పొగడినా తెగడినా, "ఆయన చేసిన ఫలానా పని మంచిది, ఫలానా పని మంచిది కాదు" అని పనిని చూపి మాటలాడండి. పుట్టుకను, కులమును, మతమును, రూపమును ఎత్తవద్దు.

ప్రచారమునకు పిల్లలను పంపవద్దు. జెండా పట్టించుట, నినాదములు చెప్పించుట, కరపత్రములు పంచించుట, ఊరేగింపులో నడిపించుట పార్టీలు చేయరాదని ఎన్నికల సంఘము 2024 ఫిబ్రవరిలో గట్టిగా ఆదేశించినది. బిర్యానీ పొట్లమునకు, యాభై రూపాయలకు లారీ ఎక్కిన పిల్లవాడు దినమంతా ఎండలో, త్రాగినవారి మధ్య ఉంటాడు. ఆ దినము బడి పోయినది, పిల్లవాడు క్షేమముగా ఇల్లు చేరుట కూడ అనుమానమే.

మా వంటి సంఘ కాపరులకు కూడ ఒక మాట చెప్పుకొనవలెను. మతము పేరున, కులము పేరున ఓటు అడుగుట ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను ప్రకారము అవినీతి చర్య. అభ్యర్థిది గాని ఓటరుది గాని ఎవరి మతమును ఎత్తినా ఇది వర్తించునని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 జనవరి 2న అధిక సంఖ్యాకుల తీర్పుగా చెప్పినది. ప్రార్థనా స్థలములు ప్రచార వేదికలు కారాదని ఎన్నికల నియమావళిలో ఉన్నది. "పాస్టరుగారు ఫలానా గుర్తుకు వేయమన్నారు" అనే మాట మన పిల్లల నోట రాకూడదు. "భయపడక, అమ్ముడుపోక, బాగా ఆలోచించి వేయమన్నారు" అని మాత్రము రావలెను.

చింతపిక్కల ఎన్నిక

చెప్పినది మరచిపోతారు, చేసినది గుర్తుంటుంది. ఆదివారపు బడిలో గాని, వీధి అరుగు మీద గాని, సెలవు దినములలో ఒక చిన్న ఎన్నిక పెట్టవచ్చును. ఖర్చేమీ లేదు.

మొదట నిజమైన పని ఒకటి ఉండవలెను. నీళ్ళ కుండ నింపించి, చాపలు వేయించి, అందరికీ వంతులు పంచే పెద్ద ఒకరు కావలెను అనుకొందము. నిలబడదలచినవారు లేచి, తాము ఏమి చేస్తారో రెండే రెండు మాటలలో చెప్పవలెను. ఎదుటివానిని తిట్టరాదు, ఏమీ పంచరాదు. ఒకడు తప్పక, "నాకు వేస్తే చాక్లెట్టు ఇస్తాను" అంటాడు. వానిని తిట్టవద్దు. "మరి చాక్లెట్టు లేని పిల్ల మంచి పెద్ద కాగలదా?" అని అందరినీ అడగండి. జవాబు పిల్లలే చెప్పుతారు.

తరువాత ఒక్కొక్కరికి ఒక్కొక్క మూత డబ్బా. డబ్బా మీద పిల్లలు తామే బొమ్మ గీయవలెను: ఒకదానిపై పిచ్చుక, ఒకదానిపై తాటిచెట్టు. పార్టీల గుర్తులు వద్దు. దుప్పటి అడ్డము కట్టి, జాబితాలో పేరు చూచి, ఒక్కొక్కరికి ఒక్క చింతపిక్క ఇవ్వండి. వ్రేలికి కాటుక చుక్క పెట్టండి. పేరు సరిగా చెప్పినవారికే పిక్క. మొదటి ఎన్నికలలో మన పెద్దలు వేసినట్లే వీరూ నచ్చిన డబ్బాలో వేస్తారు. ఓడిపోయినవారి పక్షమున ఒకరిని కూర్చోబెట్టి అందరి ముందర లెక్కించండి.

ఇప్పుడు అసలు పాఠము వస్తుంది. ఓడినవాడు ఏడ్వవచ్చును. ఏడ్వనివ్వండి. పిమ్మట లేచి గెలిచినవాని చేయి పట్టుకొనమనండి. గెలిచిన పిల్లతో మొదటి దినముననే, "నీకు పిక్క వేయనివారి చాప కూడ నీవే చూడవలెను" అని చెప్పండి. నెల తిరిగిన తరువాత అందరినీ కూర్చోబెట్టి, "చెప్పిన పని జరిగినదా?" అని అడగండి. ఈ కడపటి మెట్టు విడిచిపెట్టిన యెడల తక్కినదంతా ఆటే అవుతుంది.

రాజస్థాన్‌లోని తిలోనియా ప్రాంతములో పగలు మేకలు కాచి రాత్రి బడికి వచ్చే పిల్లలు 1990ల నుండి తమ బాలల పార్లమెంటును ఎన్నుకొంటూ వచ్చినారు. ఎన్నికైన పిల్లలు పంతులు వచ్చినాడా, దీపము వెలుగుతున్నదా అని తమ బడులను తనిఖీ చేసేవారు. వారు చదువుకొన్నది దీపపు వెలుతురులోనే. మన పిల్లలు వారికేమీ తీసిపోరు.

లెక్కింపు అయిన తరువాత

ఎన్నికలు అయిపోయినవి, జెండాలు చినిగిపోయినవి, ఆటో వెళ్ళిపోయినది. పెద్దలు మరచిపోతారు. పిల్లలచేత ఒక పని చేయించండి. గెలిచినవారు మన ఊరికి చెప్పిన మూడు మాటలను ఒక నోటుపుస్తకములో తేదీతో వ్రాయించండి. ఆరు నెలలకు ఒకసారి ఆ పుట తీసి, జరిగిన దానికి టిక్కు, జరగని దానికి సున్న పెట్టమనండి. సున్న మిగిలితే సర్పంచిగారికి ఒక ఉత్తరము, "గౌరవనీయులైన సర్పంచిగారికి నమస్కారములు" అని మొదలుపెట్టి, కోపము లేకుండ, స్పష్టముగా, పిల్లల చేతివ్రాతతో వ్రాయించండి. అయిదు సంవత్సరములలో ఆ పుస్తకము పాతబడుతుంది. రెండవ తరగతి పిల్లవాడు ఏడవ తరగతికి వస్తాడు. మరల మైకు వినబడినప్పుడు వాడు కాగితపు టోపీ కొరకు పరుగెత్తక, తన పుస్తకము తెచ్చి, "నాన్నా, ఇందులో రెండు సున్నలు ఉన్నవి, వచ్చినవారిని అడుగుదామా?" అంటాడు.

అట్టి ప్రశ్న వినబడిన ఇంటికి రాత్రివేళ కవరు తెచ్చేవాడు కాస్త తడబడుతాడు. ఇంటికి ఒక్కరైనా అట్టి బిడ్డ ఉన్న ఊరిలో వాని పని మరింత కష్టమవుతుంది. ఓటు లేని ఆ పసివారే మన ఓటుకు కావలివారు కాగలరు. ఈ వారమే పలక తీసి, ఆ యాభై అయిదు పైసల లెక్కతో మొదలుపెట్టుదము.